మా ఇంట్లో రెండు లైన్ క్లియర్లు

మా నాన్న రైల్వేలో స్టేషన్ మాస్టరు. మా చిన్న మామయ్య కరెంటాఫీసులో లైన్‌మ్యాన్. వీళ్ళిద్దరి మధ్య పెరిగినదాన్ని కాబట్టి లైన్ అనే ఇంగ్లీషు మాట నాకు బడికంటే ముందు ఇంట్లోనే వచ్చింది. ఎ, బి, సి, డిలు రాకముందే "లైన్ క్లియర్ వచ్చిందా?" అని అడగడం వచ్చు. ఆ తర్వాత బడిలో, కాలేజీలో, పెళ్ళిచూపుల్లో, టెలిఫోన్లో ఎక్కడికెళ్ళినా ఆ మాట ఏదో ఒక కొత్త పని మీద ఎదురొస్తూనే ఉంది. అన్నీ రాయాలనే ఉంది. అయితే ఎక్కువగా రైలు లైను, కరెంటు లైను గురించే రాస్తాను. నాకు వాటిమీదే ప్రేమ ఎక్కువ.

గుంటూరు నుంచి గుంతకల్లు పోయే లైను అప్పట్లో మీటర్ గేజ్. పట్టాల మధ్య దూరం ఒక్క మీటరే. బొగ్గు ఇంజన్లు, చెక్క బల్లల పెట్టెలు. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు. ఈ పేర్లు మాకు ఎక్కాల్లాగా నోటికొచ్చు. గిద్దలూరు దాటితే నల్లమల అడవి, దిగువమెట్ట, ఎత్తయిన దొరబావి వంతెన, గాజులపల్లి, ఆపైన నంద్యాల. 70ల్లో నాన్న ఆ లైన్లో ఒక చిన్న స్టేషన్లో పనిచేశారు. ప్లాట్‌ఫారానికి ఎదురుగా మూడు క్వార్టర్లు, ఒక చేదబావి, రెండు వేపచెట్లు. ఊరు ఎక్కడో మైలు దూరంలో ఉండేది. రోజంతా వచ్చిపోయే రైళ్ళే మాకు ఊరు.

రైల్వే ఇళ్ళల్లో ఆడవాళ్ళ మాటల్లో లైనుకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. డ్రైవర్ల ఇంటికో గార్డుల ఇంటికో వెళ్ళి "అన్నయ్యగారు ఉన్నారా వదినా?" అని అడిగితే, "లేరమ్మా, లైన్ మీద ఉన్నారు" అనేవారు. లైన్ మీద ఉన్నారంటే ఎక్కడో బండిలో ఉన్నారు, ఎప్పుడొస్తారో తెలియదు, అన్నం మూతపెట్టి ఉంది అని అన్నమాట. ఆయనతోపాటు ఇనప లైన్ బాక్సు వెళ్ళేది. దానిమీద తెల్లరంగుతో పేరు, హోదా, ఊరు రాసి ఉండేవి. గార్డుగారి పెట్టెలో ఎర్రజెండా, పచ్చజెండా, పొగమంచులోనూ ప్రమాదం జరిగినప్పుడూ డ్రైవర్ను హెచ్చరించడానికి పట్టాల మీద పెట్టే, చక్రం కింద ఢామ్మని పేలే డిటోనేటర్లు ఉంటాయని మాకు తెలుసు. ఆ పెట్టె ముట్టుకోవడానికి పిల్లలకు అనుమతి లేదు. వసారాలో పెట్టె కనబడితే ఆ ఇంటాయన ఇంట్లో ఉన్నట్టు. పెట్టె లేకపోతే ఆ ఇంటి ముందు గట్టిగా ఆడుకోవద్దని అమ్మ చెప్పేది, ఆ ఇంటావిడ పిల్లలతో ఒక్కతే సతమతమవుతూ ఉంటుందని.

ఇక లైన్ క్లియర్. సింగిల్ లైన్ మీద రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒక్క బండే ఉండాలి. ఇది రైల్వేకు ప్రాణం లాంటి నియమం. బండిని పంపే ముందు ముందున్న స్టేషన్ మాస్టరు ఒప్పుకోవాలి. నాన్న గదిలో నీల్స్ బాల్ టోకెన్ మెషీన్ అని రెండు ఎర్రటి యంత్రాలు ఉండేవి, అటు స్టేషనుకొకటి, ఇటు స్టేషనుకొకటి. నాన్న గంట కొడతారు, అటునుంచి గంట వస్తుంది. ఫోన్లో బండి నంబరు చెబుతారు. అవతలి ఆయన లైన్ క్లియర్ ఇస్తూ, ఒప్పుకున్నదానికి రుజువుగా ఒక ప్రైవేట్ నంబర్ చెబుతారు. నాన్న ఆ నంబరు తిరిగి పలికి, రిజిస్టర్లో రాసుకుని, అప్పుడు మెషీన్ పిడి తిప్పేవారు. లోపలినుంచి ఇనప బంతి ఒకటి దడేల్మని పడేది. అది డ్రైవరు చేతికి చేరితేనే ఆ సెక్షన్లోకి అడుగుపెట్టే హక్కు. ఆ బంతి బయట ఉన్నంతసేపూ రెండు స్టేషన్ల మెషీన్లూ బిగుసుకుపోయి ఉంటాయి, ఇంకో బంతి రానివ్వవు. ఇన్ని కాగితాలు, ఇన్ని సంతకాలు, ఇంత ఇనుము, అంతా ఎందుకంటే రెండు బండ్లు ఎదురెదురు రాకుండా ఉండటానికి. ఆ మెషీన్ను కనిపెట్టినవాళ్ళకు నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆగకుండా పోయే బండి వస్తోందంటే రాత్రిపూట కూడా మా చెవులు నిక్కబొడుచుకునేవి. పేము బెత్తంతో చేసిన పెద్ద చక్రంలాంటి హూప్, దాని కింద తోలుసంచి, సంచిలో బంతి. పాయింట్స్‌మ్యాన్ తాత ఒక చేత్తో కాగడా, ఇంకో చేత్తో ఆ హూప్ పైకెత్తి ప్లాట్‌ఫారం అంచున నిలబడేవాడు. తలపాగా చెవుల మీదికి లాక్కునేవాడు, నిప్పురవ్వలు పడతాయని. నేల అదురుతుంది, వెలుగు పెద్దదవుతుంది. ఇంజను మెట్టు మీద వంగి నిలబడ్డ ఫైర్‌మ్యాన్ పాత హూప్‌ను కిందకి విసిరేసి, ఎడమ చెయ్యి బారజాపి కొత్త హూప్‌లోకి దూర్చేస్తాడు. చటుక్కున భుజందాకా ఎక్కిపోతుంది. తాత చేతులు ఖాళీగా గాలిలో ఉండేవి, బండి పెట్టెలు పోతూనే ఉండేవి. ఒక్క రెప్పపాటు. నాన్న వెనకాల పచ్చలైటు పట్టుకుని చివరి పెట్టె ఎర్రదీపం కనబడేదాకా కదిలేవారు కాదు. చివరి దీపం కనబడకపోతే బండి మొత్తం వచ్చినట్టు కాదు, కొన్ని పెట్టెలు మధ్యలోనే తెగి ఉండిపోయినట్టు.

పగటిపూట మాకొక డ్యూటీ ఉండేది. విసిరేసిన పాత హూప్ ఎక్కడో గడ్డిలోకో కంకరలోకో దొర్లిపోయేది. తమ్ముడూ నేనూ పందెం వేసుకుని పరుగెత్తి తెచ్చేవాళ్ళం. ముళ్ళు గుచ్చుకున్నా, ఎండకు కాళ్ళు కాలినా సరే. ఆ సంచిలో బంతిని నాన్న మెషీన్లో వేసి గంట కొడితేనే వెనకటి సెక్షన్ ఖాళీ అయినట్టు అటు స్టేషనుకు తెలుస్తుంది. "బంతి లోపల పడకపోతే లైను మూసుకున్నట్టేనమ్మా. పరుగెత్తు" అనేవారు నాన్న. ఏడెనిమిదేళ్ళ పిల్లకు అంత పెద్ద పని అప్పజెప్పిన మనిషి ఇంకెవరున్నారు!

చిన్న మామయ్య సంక్రాంతికి, వేసవి సెలవుల్లో వచ్చేవాడు. ఖాకీ చొక్కా, సైకిలు వెనక క్యారేజీకి తాడు, నడుముకు కటింగ్ ప్లేయరు. నన్ను "కోడలు పిల్లా" అని పిలిచేవాడు. రాత్రి భోజనాల దగ్గర నాన్నకూ ఆయనకూ ఎప్పుడూ ఒకటే వాదన.

"లైన్ క్లియర్ ఇచ్చారంటే బండి వస్తుందనిరా అర్థం. ఇక పట్టాల మీద ఎవడూ ఉండకూడదు" అనేవారు నాన్న.

"మా దగ్గర లైన్ క్లియర్ తీసుకున్నామంటే ఏదీ రాదని బావా. అప్పుడే మనిషి పైకెక్కాలి" అనేవాడు మామయ్య.

నిజమే. రెండు చోట్లా అదే మాట, రాసుకునే పుస్తకం ఒకేలాంటిది, సంతకాలు ఒకేలాంటివి. అర్థం మాత్రం పూర్తిగా తలకిందులు. కరెంటాఫీసులో దాన్ని పొట్టిగా ఎల్‌సీ అంటారు. 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైను మీద పనుంటే సబ్‌స్టేషన్ ఆపరేటరును ఎల్‌సీ అడగాలి. అతను బ్రేకరు ఆపి, టైము రాసి, ఫలానావారికి ఇచ్చానని పుస్తకంలో ఎక్కిస్తాడు. తర్వాత స్తంభం దగ్గర లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరవాలి. లైన్లో చార్జి లేదని చూసుకోవాలి. పనిచేసే చోటుకి రెండు పక్కలా, తీగను భూమికి కలిపే ఎర్తింగ్ రాడ్లు తగిలించాలి. అప్పుడు స్తంభం ఎక్కాలి. పని అయ్యాక ఎల్‌సీ తీసుకున్న మనిషే తిరిగి ఇచ్చేయాలి. వేరే ఎవరు ఫోన్ చేసి "అయిపోయింది, కరెంటు వదలండి" అన్నా వదలకూడదు. ఆఫీసరైనా సరే. మామయ్య ఈ చివరి మాట చెప్పేటప్పుడు చెయ్యి కడుక్కోవడం కూడా ఆపేసి చెప్పేవాడు.

ఎర్తింగ్ రాడ్ల గురించి ఆయనకు అంత పట్టింపు ఎందుకో మాకు తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం ఆయన ఎల్‌సీ తీసుకుని లైను మీద పనిచేస్తుంటే, ఆ లైను మీదే ఉన్న ఒక మిల్లులో జనరేటర్ వేశారు. కరెంటు లేనప్పుడు జనరేటర్ కరెంటు బయటి లైన్లోకి రాకుండా అక్కడ ఒక చేంజోవర్ స్విచ్ ఉండాలి. దాన్ని సరిగా వేయలేదు. మిల్లు ట్రాన్స్‌ఫార్మర్‌ నుంచి కరెంటు ఎదురెక్కి పదకొండు వేల వోల్టులై ఆరిపోయిన లైన్లోకి వచ్చింది. రాడ్డు తగిలించిన చోట ఢామ్మని మెరుపు, ఆ వెంటనే జనరేటర్ ఆగిపోయింది. వచ్చిందంతా రాడ్డులోంచి భూమిలోకి పోయింది. మామయ్య స్తంభం దిగి, కింద ఉన్న హెల్పర్ని గట్టిగా పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాడట. ఆ సంగతి అమ్మమ్మకు చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. నాన్న ఆ రాత్రి వాదన పెట్టుకోలేదు. తన పళ్ళెంలోని అరిసె తీసి మామయ్య పళ్ళెంలో వేశారు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత మామయ్యను కూడా రేపల్లె వైపు పంపారు. తిరిగొచ్చాక చాలారోజులు సరిగా మాట్లాడలేదు. "అక్కడ లైను అనేదే లేదు బావా, మొత్తం నేలమీదే ఉంది" అన్నాడు, అంతే. మనం ఇంట్లో స్విచ్ వేయగానే దీపం వెలుగుతుంది కదా, దాని వెనక చలిలో, బురదలో, శవాల మధ్య స్తంభాలు నిలబెట్టిన మనుషులున్నారు. ఇది ఎంతమంది తలుచుకుంటారో!

బడిలో లైను వేరే వేషంలో వచ్చింది. ఇంగ్లీషుకు నాలుగు లైన్ల కాపీ పుస్తకం. పైనా కిందా ఎర్రగీతలు, మధ్యలో రెండు నీలిగీతలు. పొట్టి అక్షరాలు నీలిగీతల మధ్యే కూర్చోవాలి, జీ, వైల తోకలు కింది ఎర్రగీతను ముట్టుకోవాలి. తెలుగుకేమో ఒంటిగీత పుస్తకం, మన అక్షరాల వత్తులకు ఇంత చోటు అని గీత గీసిపెట్టేవాళ్ళు లేరు. కిరోసిన్ డిపో దగ్గర డబ్బాల లైను, మునిసిపల్ కుళాయి దగ్గర బిందెల లైను. మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, ఆ చోటు ఆ ఇంటిదే. ఆ మర్యాద నాకు భలే నచ్చేది.

డిగ్రీకి గుంటూరులో పెద్దమ్మగారింట్లో ఉన్నాను. గుంటూరువాళ్ళకు లైను అంటే వీధి. బ్రాడీపేట, అరండల్‌పేట, ఏటీ అగ్రహారం, ఎక్కడైనా సరే ఒకటో లైను, రెండో లైను అనే చెబుతారు. వాటిని కోసుకుంటూ పోయేవి అడ్డరోడ్లు. బ్రాడీపేట 4/7 అని ఉత్తరం మీద రాస్తే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని పోస్ట్‌మ్యాన్‌కు అర్థమైపోతుంది. ఊరికి కొత్తవాళ్ళు తెల్లమొహం వేసినప్పుడు రిక్షా తాతలు ఎంత ఓపిగ్గా చెప్పేవారో. సాయంత్రం శంకర్ విలాస్ సెంటర్ నుంచి నడిచొస్తుంటే వెనకాల సైకిల్ బెల్లు మోగేది. పక్కనున్న స్నేహితురాలు చెవిలో "నీకే లైన్ వేస్తున్నాడే" అనేది. మొదటిసారి విన్నప్పుడు నాకు నిజంగానే పట్టాలు, తాపీ మేస్త్రి లాగి కట్టే దారం గుర్తొచ్చాయి. ఆ వయసులో ఆ మాటకు గుండె దడదడలాడేది, కొంచెం భయం, కొంచెం సంబరం. రోజూ అదే పని పెట్టుకుని దారి కాసేవాళ్ళంటే మాత్రం భయమే.

మా పెదనాన్న కొడుకు దగ్గర లైనంటే విప్లవ కమ్యూనిస్టు రాజకీయం, ఒక్కో నాయకుడిది ఒక్కో దారి. తరిమెల నాగిరెడ్డి లైన్, చండ్ర పుల్లారెడ్డి లైన్ అంటూ డాబా మీద తెల్లవార్లూ వాదనలు. టీ ఇవ్వడానికి పైకెళ్ళినప్పుడు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఎవరి లైను వారికి ప్రాణంతో సమానమని మాత్రం తెలిసేది.

ఆపరేటరు కలిపితేనే దూరం ఊరికి ఫోన్ దొరికే ట్రంకాల్ రోజులు చూసినవాళ్ళకు లైన్ దొరకడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆపరేటరుతో పనిలేకుండా మనమే డయల్ చేసుకునే ఎస్టీడీ భారతదేశంలో మొదటిసారి లక్నో-కాన్పూరు మధ్య 1960లోనే వచ్చిందట. మా దాకా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అమ్మమ్మకు సీరియస్‌గా ఉందని తెలిసిన రోజు పోస్టాఫీసు బల్లమీద కూర్చుని లైను కోసం ఎదురుచూశాను. మామూలు కాల్‌కు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అర్జెంటుకు రెట్టింపు డబ్బులు. లైట్నింగ్ కాల్ అయితే ఎనిమిది రెట్లు. చివరికి దొరికాక మూడు నిమిషాల్లో సగం "హలో, వినబడుతోందా, లైన్లో ఉన్నారా" అనడానికే పోయింది. అవతల మామయ్య ఏడుస్తున్నాడని గొంతు వినక్కర్లేకుండానే తెలిసింది. మధ్యలో ఆపరేటరమ్మ "మూడు నిమిషాలు అయ్యాయి" అంది, కానీ లైను కట్ చేయలేదు. ఎవరో ఏమిటో తెలియని ఆవిడ. ఇంకో రెండు మాటలు మాట్లాడుకోనిచ్చింది.

సంబంధాలు చూస్తున్నప్పుడు మొదటి ప్రశ్న "అబ్బాయి ఏ లైన్లో ఉన్నాడు?" మెడికల్ లైనా, బ్యాంకు లైనా, వ్యాపారమా అని. కట్నం, జాతకం, ఇల్లు వీటన్నిటి గురించీ నాన్నే మాట్లాడారు. అమ్మ పెట్టింది ఒకే ఒక్క షరతు. లైన్ మీదికి వెళ్ళే ఉద్యోగం కాకూడదు. అంతవరకూ ఆవిడ నోటినుంచి రైల్వే గురించి ఒక్క విసుగు మాట విని ఎరగం. నాన్న ఏమీ అనలేదు. బ్యాంకు లైన్లో ఉన్నాయనకిచ్చి చేశారు.

చాలా ఏళ్ళకు పిల్లలకు పాఠం చెబుతూ నిఘంటువు తీస్తే, లైన్ అనే మాటకు మూలం లాటిన్‌లో అవిసె నార పేరని, మొదటి అర్థం నారదారమని తెలిసింది. మా క్వార్టర్లకు మరమ్మతు చేసినప్పుడు మేస్త్రి రెండు మేకుల మధ్య బిగించి కట్టిన దారమే అదన్నమాట. అదే పుస్తకంలో డెడ్‌లైన్ కథ కూడా ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో ఒక గీత ఉండేదట, దాన్ని దాటినవాణ్ణి కాల్చేసేవారు. ఆఫీసుల్లో మనం రోజూ అనే మాట వెనక అంత ఘోరం ఉందని చదివి పుస్తకం మూసేశాను. మామయ్య ఎర్తింగ్ రాడ్డు గుర్తొచ్చింది.

90ల్లో నాన్న పనిచేసిన ఆ రైలు లైను బ్రాడ్ గేజ్ అయిపోయింది. నల్లమలలో దొరబావి వంతెనను వదిలేసి సొరంగం మీదుగా కొత్త దారి వేశారు. బంతులు, హూపులు పోయాయి. నాన్న రిటైరైన తర్వాత ఒకసారి స్టేషన్లో ఎలక్ట్రానిక్ ప్యానెల్ మీద బటన్లు నొక్కుతుంటే చూసి, "ప్రైవేట్ నంబర్లు ఇంకా ఉన్నాయా బాబూ?" అని అక్కడి మాస్టరును అడిగారు. ఉన్నాయని చెప్పాక ఆయన మొహంలో ఎంత సంతోషమో. ఇప్పుడు నాన్న లేరు. ఆ దారిలో కరెంటు రైళ్ళు నడుస్తున్నాయి. పట్టాల మీద బండి, బండి మీద 25 వేల వోల్టుల తీగ. నాన్న లైను, మామయ్య లైను రెండూ ఒకే చోటికి వచ్చాయి.

మామయ్య కొడుకు ఆ తీగల పనిలోనే ఉన్నాడు, రైల్వేలో. మొన్న పండక్కి అందరం కలిసినప్పుడు ఎనభై దాటిన మామయ్య వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష మొదలుపెట్టాడు.

"పైకెక్కే ముందు ఏమేం తీసుకుంటార్రా?"

"రెండూ తీసుకుంటాం నాన్నా. బండి రాకుండా ట్రాఫిక్ బ్లాకు, కరెంటు రాకుండా పవర్ బ్లాకు. రెండూ కాగితం మీద రావాలి."

"కాగితం సరే. ఎర్తు?"

"రెండు పక్కలా డిశ్చార్జ్ రాడ్లు వేశాకే ఎక్కుతాం."

"ముందు ఏ కొస తగిలిస్తావు, పట్టాకా తీగకా?"

"ముందు పట్టాకి. తర్వాతే తీగకి."

"తీసేటప్పుడు?"

"ముందు తీగ దగ్గర, ఆ తర్వాత పట్టా దగ్గర."

మామయ్య తల ఊపి, లోపలికి కేకేసి వాడికి ఇంకో రెండు గారెలు వెయ్యమన్నాడు.